చార్లెస్ బ్రాన్సన్ అభిమానులు ఇటు రండి

పెరంబూరు మేట్నీ

మన దగ్గర కృష్ణ కౌబాయ్ సినిమాల మీద, కాంతారావు కత్తియుద్ధాల మీద పేజీలకు పేజీలు నడిచాయి. హాలీవుడ్ నటుడు చార్లెస్ బ్రాన్సన్ మీద ఒక్క చర్చ కూడా లేదు. మద్రాసులో పెరిగిన తెలుగువాళ్ల మధ్య ఇది పెద్ద లోటే. అందుకే మొదలుపెడుతున్నాను.

ఇంగ్లీషు సరిగా అర్థంకాని వయసులోనే మాకు ఇంగ్లీషు సినిమా అలవాటైంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మౌంట్‌రోడ్డుకి వెళ్తే సఫైర్, బ్లూ డైమండ్, దేవి, కెసినో థియేటర్లు. అప్పట్లో తెర కింద మాటలు పడేవి కావు. హీరో గబగబా రెండు నిమిషాలు మాట్లాడితే మాకు అందేది పావు వంతు. బ్రాన్సన్ సినిమాకి ఆ చిక్కు లేదు. ఎదుటివాణ్ని నమ్మాడా లేదా, ఇప్పుడు లేస్తాడా ఆగుతాడా, అంతా ఆ ముఖంలో, ఆ భుజాల్లో తెలిసిపోయేది. ముందు వరసవాడికీ బాల్కనీవాడికీ ఒకేలా అర్థమయ్యే నటుడు.

1921 నవంబరు 3న పెన్సిల్వేనియాలోని ఎరెన్‌ఫెల్డ్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. లిథువేనియా మూలాలున్న ఇల్లు, 15 మంది పిల్లల్లో 11వ వాడు. అసలు పేరు చార్లెస్ బుచిన్‌స్కీ. 1953లో వచ్చిన 'హౌస్ ఆఫ్ వాక్స్'లో మూగ పనివాడి వేషం వేసినప్పుడు తెర మీద పడ్డ పేరు కూడా అదే. అమెరికాలో కమ్యూనిస్టుల వేట జరుగుతున్న కాలం కాబట్టి, రష్యా వాసన కొట్టే ఇంటిపేరు ఇబ్బంది అవుతుందని 1954 ప్రాంతంలో బ్రాన్సన్‌గా మార్చుకున్నాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సన్నివేశంలో తుపాకీ లేదు. 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్' (1960)లో ఆయన మనకి మొదట కనిపించేది కట్టెలు కొడుతూ. పేరున్న తుపాకీ వీరుడు, చేతిలో పైసా లేక, పొద్దుటి తిండి కోసం ఎవరిదో దొడ్లో గొడ్డలి పట్టుకుని ఉంటాడు. యూల్ బ్రిన్నర్, స్టీవ్ మెక్వీన్ వచ్చి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా ఆయన ధ్యాస దుంగ మీదే. గొడ్డలి ఎంత ఎత్తాలో, ఎక్కడ వదలాలో, చీలిన ముక్కని పక్కకి ఎలా నెట్టాలో ఆ ఒంటికి ముందే తెలుసు. తుపాకీ తిప్పడం సెట్లో నేర్పిస్తారు. ఇది నేర్పిస్తే వచ్చేది కాదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. బ్రాన్సన్ కొట్టే దెబ్బకి చప్పట్లు పడ్డాయి, నిజమే. ఆ దెబ్బని మనం నమ్మింది మాత్రం ఆయన పని చేస్తుండగా చూసి. మీకు నచ్చిన సన్నివేశాలు రాయండి.

వేళచ్చేరి వీకెండ్

అన్నా, నేను చూసింది 'డెత్ విష్' ఒక్కటే, అదీ ఫోన్‌లో. నాకు అంతగా ఎక్కలేదు. సినిమా మొత్తం ఒకటే ఎక్స్‌ప్రెషన్. భార్య పోయినా అదే ముఖం, తుపాకీ పేల్చినా అదే ముఖం. స్టైల్ ఉంది, కాదనను. నటన అంటే మాత్రం ఎలా ఒప్పుకోవాలో తెలియడం లేదు. దేంతో మొదలుపెట్టాలో చెప్పండి, చూస్తాను.

బొగ్గుబాయి బిడ్డ

వేళచ్చేరి తమ్ముడూ, నువ్వు అడగాల్సిందే అడిగావు. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మాది కొత్తగూడెం. ఉద్యోగం వల్ల అంబత్తూరులో ఉంటున్నా. మా నాయిన సింగరేణిలో కోల్ ఫిల్లర్, తట్టా చెమ్మస్ కాలం మనిషి. యంత్రాలు రాకముందు బొగ్గును చెమ్మస్ అనే పారతో ఎత్తి తట్టలో నింపి, మోసుకెళ్లి టబ్బులో పోసేవాళ్లు. ఒంగి చేసే పని, పైన రాయి, చుట్టూ చీకటి. బ్రాన్సన్ తండ్రి కూడా గని కార్మికుడే. పిల్లాడికి పదేళ్లప్పుడు పోయాడు. ఆ తర్వాత ఈయన మొదట గని ఆఫీసులో, కొంచెం ఎదిగాక లోపల. టన్ను బొగ్గుకి ఒక డాలరు. 1943లో సైన్యంలోకి పోయేదాకా అదే బతుకు. ఇంట్లో స్కూలు చదువు పూర్తిచేసిన మొదటివాడు కూడా ఆయనే.

ఇప్పుడు 'ది గ్రేట్ ఎస్కేప్' (1963) చూడు. జర్మన్ల ఖైదులో ఉన్న విమాన సైనికులు సొరంగం తవ్వి పారిపోయే కథ. 1944 మార్చిలో నిజంగా జరిగింది. 76 మంది బయటపడితే చివరిదాకా తప్పించుకున్నది ముగ్గురే, దొరికినవాళ్లలో 50 మందిని చంపేశారు. సినిమాలో బ్రాన్సన్‌ది డానీ వేషం, సొరంగాలు తవ్వడంలో మొనగాడు. అప్పటికే పదిహేడు తవ్వి ఉంటాడు. పైకప్పు కూలకుండా మంచాల చెక్కలు పీకి ఆసరాగా పెడతారు. ఇసుక రాలుతూనే ఉంటుంది. అలాంటివాడు, పారిపోయే రాత్రి దగ్గరపడ్డాక, ఇక నా వల్ల కాదు, సొరంగంలోకి దిగను, కంచె దాటి పోతాను అంటాడు. చిన్నప్పటి నుంచి ఇరుకు చోట్లంటే తనకి భయమని స్నేహితుడి ముందు బయటపెడతాడు. మరి ఇన్ని ఎలా తవ్వావయ్యా అంటే, బయటపడాలి కాబట్టి భయాన్ని లోపల దాచుకుని తవ్వానంటాడు.

ఆ సీన్‌లో ఆయన గొంతు పెద్దది చేయడు. ఏడవడు. కళ్లు మాత్రం ఒక చోట నిలవవు. బ్రాన్సన్‌కి కూడా గని రోజుల నుంచి ఇరుకు గదులు పడేవి కావని ఆయన జీవితం గురించి రాసినవాళ్లు చాలామంది చెప్పారు. తెలియకుండా చూసినా నేను పట్టేసేవాణ్నే. ఎందుకంటే మా నాయిన ఇంట్లో ఉన్నంతసేపు తలుపు వేయనిచ్చేవాడు కాదు. చలికాలం రాత్రి కూడా తలుపు కొంచెం తీసే ఉండాలి. అమ్మ కోప్పడేది. ఆయన కారణం చెప్పేవాడు కాదు. మంచం మాత్రం గడపకి ఎదురుగా వేయించుకునేవాడు. బాయి పని చేసే చాలా ఇళ్లలో ఇలాంటివి ఉంటాయి, ఎవరూ మాట్లాడరు.

ఒకటే ఎక్స్‌ప్రెషన్ అన్నావు. భయపడిన మనిషి, ఆ భయం పక్కవాళ్లకి తెలిస్తే పని ఆగిపోతుందని తెలిసిన మనిషి, ముఖాన్ని అలాగే పెట్టుకుంటాడు తమ్ముడూ. నేను ఆ ముఖాన్ని ఇంట్లో చూశాను.

పెరంబూరు మేట్నీ

బొగ్గుబాయి బిడ్డ గారూ, నేను చెప్పాలనుకుని చెప్పలేనిది మీరు రాశారు. ఈ చర్చ మొదలుపెట్టినందుకు ఫలితం దక్కింది.

వడపళని లైట్

అందరికీ నమస్కారం. నేను కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లో కెమెరా డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. ఆ ముఖం గురించి నాకు తెలిసిన రెండు మాటలు.

మా రోజుల్లో హీరో క్లోజప్ అంటే మొదటి జాగ్రత్త, గీతలు కనబడకూడదు. ఎదురుగా మెత్తటి లైటు, అవుట్‌డోర్ అయితే రిఫ్లెక్టరుతో కళ్ల కింద నీడ తీసేయడం, అవసరమైతే లెన్స్ ముందు డిఫ్యూజన్. ముఖం నున్నగా వెన్నెల్లా రావాలి. అన్ని భాషల్లో స్టార్లకి అదే మర్యాద. బ్రాన్సన్ విషయంలో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోన్ దీన్ని పూర్తిగా తిరగేశాడు. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968)లో ఎండని పక్క నుంచి పడనిచ్చాడు. నుదుటి గీతలు, కళ్ల చుట్టూ ముడతలు, బుగ్గల మీద గుంటలు అన్నీ నీడలు వేసుకుంటాయి. ఛాయాగ్రాహకుడు తోనీనో దెల్లి కొల్లి.

ఇందులో ఒక సాంకేతిక సంగతి కూడా ఉంది. ఆ సినిమా టెక్నిస్కోప్ అనే పద్ధతిలో తీశారు. సినిమాస్కోప్‌కి వాడే, బొమ్మని పక్కల నుంచి నొక్కి పట్టే అనమార్ఫిక్ లెన్సుతో మరీ దగ్గరికి వెళ్తే ఫోకస్ ఇబ్బంది పెడుతుంది, ముఖం కాస్త సాగినట్టు కూడా వస్తుంది. టెక్నిస్కోప్‌లో మామూలు లెన్సులే. ఫ్రేముకి సగం ఫిల్మే ఖర్చవుతుంది, తెర మాత్రం వెడల్పే. కాబట్టి లియోన్ కెమెరాని కళ్ల దాకా తీసుకెళ్లగలిగాడు. అంత వెడల్పు తెర మీద రెండే కళ్లు. చాలామంది నటులు అక్కడ దొరికిపోతారు. రెప్ప ఎక్కువ ఆడుతుంది, చూపు డైలాగు కోసం వెతుకుతుంది. బ్రాన్సన్ ఆ కొలతలో కూడా తొణకడు. ఏదో వింటున్నట్టు ఉంటాడు.

విన్నాడు కూడా. ఎన్నియో మొరికోనే ఆ సినిమా సంగీతాన్ని షూటింగ్‌కి ముందే తయారుచేశాడు. సెట్లో ఆ పాటలు వినిపిస్తూ తీశారు. నటుల నడక, తల తిప్పడం ఆ లయకి పడ్డాయంటే కారణం అది. మనకి పాటల చిత్రీకరణలో ప్లేబ్యాక్ అలవాటే. ఒక చూపుకి ప్లేబ్యాక్ పెట్టి తీయడం నేను అక్కడే చూశాను.

మొదటి సన్నివేశం సంగతి మీ అందరికీ తెలిసే ఉంటుంది. రైల్వే స్టేషన్‌లో ముగ్గురు హంతకులు ఎదురుచూస్తుంటారు. ఒకడి గడ్డం మీద ఈగ, ఇంకొకడి టోపీ మీద నీటి చుక్కలు. మాట లేదు, సంగీతం లేదు, గాలిమర కిర్రుమనే చప్పుడు. రైలు వస్తుంది, ఎవరూ దిగరు, రైలు కదులుతుంది. అప్పుడు పట్టాలకి అవతల పక్క ఆయన నిలబడి ఉంటాడు, నోటి దగ్గర హార్మోనికా. హీరో ప్రవేశం అంటే నా లెక్కలో అదీ. చూడని పిల్లలు ఉన్నారు కాబట్టి ఆ హార్మోనికా వెనక కథ ఎవరూ ఇక్కడ బయటపెట్టకండి, దయచేసి.

టీనగర్ తాత

వడపళని గారు అసలు సంగతి పట్టుకున్నారు. నేను దానికి ముందు కథ చెబుతాను.

లియోన్ 1964లో తీసిన 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' కోసం మొదట బ్రాన్సన్ వంటి వాళ్లనే అడిగాడు. ఈయనకి ఆ స్క్రిప్టు నచ్చలేదు, వద్దన్నాడు. ఆ వేషం క్లింట్ ఈస్ట్‌వుడ్‌కి పోయింది, తర్వాత చరిత్ర మనకి తెలుసు. అయినా లియోన్ మనసులోంచి ఈ ముఖం పోలేదు. నాలుగేళ్లకి మళ్లీ వచ్చి హార్మోనికా చేతికిచ్చాడు.

అమెరికా ఈయన్ని చాలాకాలం పక్క వేషాల్లోనే ఉంచింది. 'ది డర్టీ డజన్' (1967) నాటికి కూడా పన్నెండుమందిలో ఒకడు. హీరోగా నెత్తిన పెట్టుకున్నది యూరప్. ఫ్రాన్స్‌లో ఆలెన్ డెలాన్ పక్కన 1968లో చేసిన సినిమా, 1970లో రెనే క్లెమాన్ తీసిన 'రైడర్ ఆన్ ది రెయిన్', ఇవి ఆడాకగానీ హాలీవుడ్‌కి కళ్లు తెరుచుకోలేదు. అప్పటికి ఆయనకి యాభై దగ్గరపడుతోంది. మనవాళ్లు యాభై ఏళ్లకి తండ్రి వేషాలకి మారాలా వద్దా అని మథనపడతారు, ఈయనకి స్టార్‌డమ్ మొదలైందే అప్పుడు.

అదే కాలంలో ఇక్కడ ఏం జరుగుతోందో గుర్తుచేస్తాను. 1971లో పద్మాలయా వాళ్లు 'మోసగాళ్లకు మోసగాడు' తీశారు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన, రాజస్థాన్ ఎడారిలో గుర్రాలు. మౌంట్‌రోడ్డు తెర మీద ఉన్న దుమ్ము తెలుగు తెర మీదికి వచ్చింది. కృష్ణగారి సాహసానికి నేను ఎప్పుడూ చేతులెత్తి దణ్ణం పెడతాను. కాకపోతే మన సినిమా మాట వదలలేదు. ఎస్వీ రంగారావు గారు మీసం తిప్పుతూ పద్యం అందుకుంటే ఒళ్లు పులకరించే జాతి మనది, మాట లేకుండా మనకి సాగదు. అలాంటి మనం, నోరు మెదపని ఈ మనిషిని అంతగా ఇష్టపడ్డామంటే ఆయనలో ఏదో ఉంది.

మైలాపూర్ లైబ్రరీ

ఇప్పటిదాకా అందరూ రాసింది ఆనందంగా చదివాను. బ్రాన్సన్ నాకూ ఇష్టమే. నాన్నగారి చెయ్యి పట్టుకుని చూసిన సినిమాలు అవి. అయితే వేళచ్చేరి అబ్బాయి చూసిన ఆ ఒక్క సినిమా గురించి మీరెవరూ మాట్లాడకుండా దాటేస్తున్నారు. నేను మాట్లాడతాను.

'డెత్ విష్' (1974) వల్లే ఆయన పేరు ప్రపంచమంతా మోగింది. మైకేల్ విన్నర్ దర్శకుడు. బ్రయాన్ గార్ఫీల్డ్ 1972లో రాసిన నవల ఆధారం. నవలలో హీరో అకౌంటెంటు, సినిమాలో ఆర్కిటెక్టు. దుండగులు ఇంట్లో దూరి భార్యని చంపేస్తారు, కూతుర్ని పాడుచేస్తారు. ఆయన రాత్రిళ్లు తుపాకీ పట్టుకుని వీధుల్లోకి వెళ్లి, దోచుకోవడానికి వచ్చినవాళ్లని కాల్చేస్తుంటాడు. అసలు ఆ దుండగులు చివరిదాకా దొరకరు కూడా.

నా అభ్యంతరం హింస గురించి కాదు. ఆ దాడిని కెమెరా ఎంత సేపు, ఎంత దగ్గరగా చూస్తుందో గమనించండి. ఆ తర్వాత ఆ కూతురి కథ ఏమైంది? మాట పోయి ఆసుపత్రిలో పడి ఉంటుంది. ఆమె బాధ తండ్రి చేతికి తుపాకీ అందించడానికి పనికొచ్చింది, అంతే. 1982లో రెండో భాగం వచ్చింది. అందులో మళ్లీ అదే అమ్మాయి మీద మళ్లీ అదే దాడి. అక్కడ నేను టీవీ కట్టేశాను. గార్ఫీల్డ్‌కే ఆ సినిమా నచ్చలేదు. చట్టాన్ని చేతిలోకి తీసుకోవడం మనిషిని ఏం చేస్తుందో చెబుదామని ఆయన రాస్తే, అది చప్పట్లు కొట్టించుకునే కథ అయింది. అందుకే 1975లో 'డెత్ సెంటెన్స్' అని ఇంకో నవల రాశాడు.

బ్రాన్సన్‌ని ప్రేమించేవాళ్లు ఈ మాట చెప్పాలి. లేకపోతే కొత్తవాళ్లు ఆయన్ని ఆ ఒక్క వేషంతోనే కొలుస్తారు.

సౌకార్‌పేట సైకిల్

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ సినిమా వచ్చిన కాలం కూడా చూడాలి కదా. అప్పటి న్యూయార్క్‌లో చీకటి పడితే సబ్‌వే ఎక్కాలంటే జనానికి భయం. హాల్లో జనం లేచి చప్పట్లు కొట్టారంటే ఊరికే కాదు. పోలీసు పట్టించుకోని చోట మామూలు మనిషి తిరగబడితే మన దగ్గర కూడా జనం ఈల వేస్తారు. నాకు ఆ సినిమాలో బ్రాన్సన్ నచ్చాడు. మొదటిసారి మనిషిని చంపి ఇంటికొచ్చి వాంతి చేసుకుంటాడు చూడండి, అది చాలు నాకు.

మైలాపూర్ లైబ్రరీ

సౌకార్‌పేట గారూ, ఆ వాంతి సీన్ దగ్గర మీతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ పాత్ర కొరియా యుద్ధంలో కూడా ఆయుధం పట్టనని చెప్పి వైద్య దళంలో పనిచేసినవాడు. అలాంటి మనిషి చెయ్యి మొదటిసారి వణికింది, కడుపు తిరగబడింది. బ్రాన్సన్ దాన్ని ఏ ఆర్భాటమూ లేకుండా చేశాడు. గది తలుపు మూసుకోగానే ఒక్కసారిగా ఒళ్లు సడలిపోతుంది. ఆయన ఎంత మంచి నటుడో అక్కడ కనబడుతుంది. కానీ ఆ సినిమాకి ఆ మనిషి అవసరం లేదు. పది నిమిషాల్లో వాంతి మర్చిపోయింది. 1994 దాకా అయిదు భాగాలు లాగారు, తర్వాతి వాటిలో వాంతి చేసుకునే మనిషే లేడు. జనం ఈల వేయడం నాకు అర్థమవుతుంది, దాన్ని నేను తప్పుపట్టను. ఇంత నటుణ్ని పెట్టుకుని ఈలతో సరిపెట్టారే అని నా కోపం.

పెరంబూరు మేట్నీ

మైలాపూర్ లైబ్రరీ గారూ, మీరు రాయడం చాలా అవసరం. నేనూ ఆ రెండో భాగాన్ని ఎవరికీ చూడమని చెప్పను.

మీ మాట చదివాక 'మాగ్నిఫిసెంట్ సెవెన్'లోని ఇంకో సన్నివేశం మనసులో తిరుగుతోంది. ఊరి పిల్లలు ముగ్గురు బ్రాన్సన్ పాత్ర ఓరైలీని వదలరు. వాళ్ల కళ్లకి ఆయనే వీరుడు. ఒకడు, మా నాన్నలు పిరికివాళ్లు, మమ్మల్ని మీతో తీసుకుపోండి అంటాడు. బ్రాన్సన్ ఆ పిల్లాణ్ని ఒళ్లో బోర్లా వేసి రెండు తగిలిస్తాడు. మళ్లీ ఆ మాట అనొద్దంటాడు. నేను తుపాకీ పట్టుకుని తిరుగుతున్నానని ధైర్యవంతుణ్ని అనుకుంటున్నారు, మీ నాన్నలు మీ బరువు, మీ అమ్మల బరువు మోస్తున్నారు, పండుతుందో లేదో తెలియని పొలంలో రోజూ దున్నుతున్నారు, అంత ధైర్యం నాకు ఎప్పుడూ లేదు అని చెబుతాడు. మాటలు నావి, భావం ఆయనది.

యాక్షన్ హీరో నోట ఇలాంటి మాట ఎంతమంది చెప్పగా విన్నాం? చెప్పినా ఎంతమంది చెబితే నమ్ముతాం? బొగ్గు తవ్విన తండ్రికి పుట్టి, తనూ బొగ్గు తవ్వి వచ్చినవాడు ఆ మాట అంటుంటే ఉపన్యాసంలా ఉండదు. పిల్లాణ్ని కొట్టినందుకు ముఖంలో బాధ, కొట్టక తప్పదన్న పట్టుదల రెండూ ఉంటాయి. గొంతు మెత్తగా ఉంటుంది. మా నాన్న రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో వెల్డరు. ఆ సినిమా చూసి ఇంటికొచ్చాక ఆయన బూట్లు విప్పుతుంటే కింద కూర్చుని లేసులు నేను విప్పాను. ఏమిట్రా కొత్తగా అన్నారు. ఏమీ లేదన్నాను.

వేళచ్చేరి వీకెండ్

'గ్రేట్ ఎస్కేప్' చూశాను. దాదాపు మూడు గంటల సినిమా, ఆదివారం మధ్యాహ్నం ఒక్క బిగిన చూసేశాను. ఇందులో స్టీవ్ మెక్వీన్ మోటార్‌సైకిల్ దూకించే సీనే అందరూ చెబుతారు. నాకు బొగ్గుబాయి అన్న చెప్పిన చోటు దగ్గరే మనసు ఆగిపోయింది. డానీ, స్నేహితుడు విల్లీ ఇద్దరూ నదిలో చిన్న పడవ వేసుకుని పోతుంటారు కదా, చుట్టూ నీళ్లు, పైన ఆకాశం. అక్కడ బ్రాన్సన్ ఏమీ చేయడు, తెడ్డు వేస్తుంటాడంతే. కానీ ఆ మనిషి ఇప్పుడు ఊపిరి పీల్చుకుంటున్నాడని నాకు తెలిసింది. అంతకుముందు సొరంగంలో ఆయన్ని చూడకపోతే ఇది తెలిసేది కాదు.

ఒకటే ఎక్స్‌ప్రెషన్ అన్నమాట ఇక వాడను. తర్వాత ఏది చూడమంటారు? రివెంజ్ కాకుండా ఉంటే మేలు.

టీనగర్ తాత

బాబూ, సరదాగా కావాలంటే 'రెడ్ సన్' (1971) పెట్టుకో. జపాన్ చక్రవర్తి అమెరికా అధ్యక్షుడికి కానుకగా పంపిన బంగారు పిడి కత్తిని రైల్లోంచి దొంగలు ఎత్తుకుపోతారు. దాన్ని వెతకడానికి జపాన్ సమురాయ్ ఒకడు, అమెరికన్ రైలు దొంగ ఒకడు కలిసి నడవాల్సి వస్తుంది. సమురాయ్‌గా తోషిరో మిఫునే, దొంగగా మన బ్రాన్సన్. జపాన్ దర్శకుడు కురొసావా 'సెవెన్ సమురాయ్' (1954)లో మిఫునే ఉన్నాడు. దాన్నే అమెరికావాళ్లు 'మాగ్నిఫిసెంట్ సెవెన్'గా తీస్తే అందులో బ్రాన్సన్ ఉన్నాడు. ఆ ఏడుగురిలో ఒకడు, ఈ ఏడుగురిలో ఒకడు ఒకే దారిన నడుస్తూ పోట్లాడుకుంటుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. ఇందులో బ్రాన్సన్ నవ్వుతాడు, ఎత్తిపొడుస్తాడు, దెబ్బలు తింటాడు. ఆయనకి హాస్యం రాదనుకునేవాళ్లు తప్పకుండా చూడాలి.

జపాన్ అంటే ఇంకోటి. 1970లో అక్కడ మాండమ్ అనే మగవాళ్ల సౌందర్య సాధనాల ప్రకటనలో ఈయన నటించాడు. సరుకు ఎంత అమ్ముడైందంటే, మరుసటి ఏడు ఆ కంపెనీ తన పేరే మాండమ్ అని మార్చుకుంది. అందమైన కుర్రాళ్లని వదిలి ఈ గీతల ముఖాన్ని పౌడర్ల ప్రకటనకి పెట్టుకున్నవాళ్ల ధైర్యం మెచ్చుకోవాలి.

బొగ్గుబాయి బిడ్డ

తమ్ముడూ, తాతగారు చెప్పింది చూడు, ఆ తర్వాత 'హార్డ్ టైమ్స్' (1975) చూడు. వాల్టర్ హిల్‌కి దర్శకుడిగా మొదటి సినిమా. 1930ల మాంద్యం రోజులు, పనులు లేవు. సరుకు రైల్లోంచి ఒక మనిషి దిగుతాడు, జేబులో చిల్లర. డబ్బు కోసం ఉత్త చేతులతో కొట్టుకునే పందేలు జరుగుతుంటాయి. మధ్యవర్తిగా జేమ్స్ కోబర్న్, వాగుడుకాయ. బ్రాన్సన్ పాత్ర చేనీ మాత్రం అడిగినదానికే జవాబు. తీసేనాటికి ఆయనకి యాభై దాటింది. చొక్కా విప్పితే జిమ్ములో పెంచిన ఒళ్లు కాదని చూడగానే తెలుస్తుంది. ముంజేతులు, మెడ, వీపు, అన్నీ మోసి మోసి గట్టిపడ్డవి.

మా నాయిన పోయినేడు నా దగ్గర కొన్నాళ్లున్నప్పుడు ఇది పెట్టాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. నేను మధ్యలో చెప్పబోతే వద్దని చెయ్యి ఊపాడు. పందెం ముందు చేనీ ఎదుటివాణ్ని చూస్తూ నిలబడతాడు కదా, అక్కడ, వీడు ముందు వాణ్ని అలిసిపోనిస్తాడు అన్నాడు. అలాగే జరిగింది. తర్వాత చేనీ చేతికొచ్చిన డబ్బుని లెక్కపెట్టుకుని, మడతపెట్టి, లోపలి జేబులో పెట్టుకునే తీరు చూసి, వీడు జీతం కవరు ఎరిగినవాడు అన్నాడు. సినిమా అయ్యాక ఎవరు వీడు అని అడిగాడు. గనిలో పనిచేసినవాడే నాయినా అని చెప్పా. టన్నుకి ఎంత ఇచ్చేవాళ్లట అన్నది ఆయన రెండో ప్రశ్న. ఒక డాలరు అంటే రూపాయల్లో అప్పట్లో ఎంత, వాళ్లకి బోనస్ ఉండేదా, యూనియన్ ఉండేదా అని అరగంట సేపు. ఒక సినిమా నటుడి గురించి ఆయన అంతసేపు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

ఆ సినిమాలో చేనీకి ఒక పిల్లి కూడా ఉంటుంది. వెళ్లిపోయేటప్పుడు దాని తిండికి డబ్బు ఇచ్చి మరీ వెళ్తాడు. అంతకన్నా చెప్పను.

వడపళని లైట్

'హార్డ్ టైమ్స్' చూసేవాళ్లు ఫైట్లలో ఒకటి గమనించండి. కెమెరాని వెనక్కి పెట్టి, ఇద్దరి ఒళ్లూ తల నుంచి కాళ్ల దాకా కనబడనిస్తాడు వాల్టర్ హిల్. నటుడికి నిలబడటం రాకపోతే అక్కడ దాచుకోవడానికి చోటు ఉండదు. ఇప్పటి ఫైట్లలో కట్టింగ్ ఎక్కువ. చెయ్యి ఒక షాట్, ముఖం ఇంకో షాట్, ఎవరు ఎవరిని కొట్టారో ఎడిటర్‌కే తెలియాలి. 'ది మెకానిక్' (1972) కూడా చూడండి. మొదటి పదిహేను నిమిషాలు ఒక్క డైలాగూ లేదు. హంతకుడు ఒక హత్యకి ఏర్పాట్లు చేసుకుంటుంటాడు, మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. చేసేది ఘోరమే, చేసే తీరు మాత్రం గడియారం బాగుచేసేవాడి నిదానం.

మైలాపూర్ లైబ్రరీ

అందరూ బలమైన బ్రాన్సన్ గురించే చెప్పారు, నేను బలం తగ్గిన బ్రాన్సన్ గురించి చెబుతాను. ఆయన భార్య జిల్ ఐర్లండ్ చాలా సినిమాల్లో ఆయన పక్కన నటించింది. రొమ్ము క్యాన్సర్‌తో పోరాడి, ఆ పోరాటం గురించి పుస్తకం కూడా రాసి, 1990లో పోయింది. మరుసటి ఏడు షాన్ పెన్ దర్శకత్వం వహించిన 'ది ఇండియన్ రన్నర్' వచ్చింది. అందులో ఆయనది ఇద్దరు పెద్దకొడుకుల తండ్రి వేషం, భార్య పోయిన మనిషి. వేషం చిన్నదే. తుపాకీ లేదు, పగ లేదు. అప్పటిదాకా మాట దాచుకున్న మనిషి ఇక్కడ మాట కోసం వెతుక్కుంటాడు, దొరకదు. ఈ ఒక్క సినిమా చేసి ఊరుకున్నా ఆయన్ని గొప్ప నటుడని ఒప్పుకునేదాన్ని. పిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదు, పెద్దవాళ్లు చూడండి.

సౌకార్‌పేట సైకిల్

దీని పేరే వినలేదు అమ్మా. ఈ వారమే వెతుకుతాను. చూశాక మళ్లీ 'డెత్ విష్' గురించి మీతో వాదిస్తాను, వదలను.

మైలాపూర్ లైబ్రరీ

తప్పకుండా రండి. నవల కూడా చదివి రండి, వాదన బాగుంటుంది.

పెరంబూరు మేట్నీ

'డెత్ హంట్' (1981) గురించి ఒకరు నాకు విడిగా రాశారు. మంచులో బ్రాన్సన్‌ని లీ మార్విన్ తరుముతాడు, 'డర్టీ డజన్'లో ఇద్దరూ కలిసి చేసిన పద్నాలుగేళ్లకి. దాని గురించి రాస్తే మార్విన్ గురించి కూడా రాయాలి, ఆయన గురించి రాస్తే ఇక్కడ చోటు చాలదు. అందుకని రేపు లీ మార్విన్ మీద వేరే చర్చ తెరుస్తున్నాను. తాతగారూ, మొదటి జవాబు మీదే కావాలి. బొగ్గుబాయి బిడ్డ గారూ, ఈలోగా మీ నాయినగారికి 'మాగ్నిఫిసెంట్ సెవెన్' కట్టెలు కొట్టే సీన్ చూపించి ఏమన్నారో ఇక్కడే రాయండి.